చేపు

పెద్దమ్మ పోయిందని మహేశ్వరం నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, దండిగానే వచ్చింది, కాకపోతే వెనకాల వచ్చింది. నా నవ్వు విని ఆ అమ్మాయి "చీర యాదికొచ్చిందా సార్?" అని అడిగింది. చీరే గుర్తొచ్చింది. ముప్పై దాటినవాణ్ణి, పెళ్లయినవాణ్ణి, బి.ఇడి. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి, ఇబ్రహీంపట్నంలో ఒక రేకుల కొట్టంలో ఆమె పాత చీర చుట్టుకుని బర్రె పక్కన గొంతుక్కూర్చున్న సంగతి మా స్టాఫ్‌రూములో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. ఇవాళ నేనే బయటపెడుతున్నాను.

అప్పట్లో మేము ఆమె ఇంట్లో ముందరి వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మనిషి పొట్టి, గొంతు మాత్రం చౌరస్తా దాకా వినపడేది. ఎడమ చేయి ఎప్పుడూ పొట్ట మీద ఆనించి ఉంచేది. నవ్వాల్సి వస్తే రెండు చేతులూ పొట్టకు అదిమిపెట్టి, అప్పుడు నవ్వేది. అదొక అలవాటు అనుకున్నాను చాలా రోజులు. నేను ఆమెను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను "సారూ" అంటూనే, నువ్వు అని పిలిచేది.

ఆ ఇంట్లో పాల పద్ధతి ఒకటుండేది. పొద్దునా సాయంత్రమూ పాలు పిండబోయే ముందు ఆమె వచ్చి మా కిటికీ ఊచల మీద చెంబుతో కొట్టేది. మేము కిర్రుమనే గడియ లాగి తలుపు తీసి, గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టాలి. ఆ తర్వాతే ఆమె మా తలుపుకెదురుగా ఉన్న కొట్టంలో బర్రె దగ్గర కూర్చునేది. మొదటి దెబ్బకే తలుపు తీస్తే గిన్నె అంచుదాకా నురుగు. రెండో దెబ్బకు తీస్తే ముప్పావు. మూడో దెబ్బ దాకా పడుకుంటే ఆ పూట నల్ల చాయే. బతిమాలినా లాభం లేదు, తిట్టేది కూడా కాదు, గిన్నె ఖాళీగా చేతిలో పెట్టి వెళ్లిపోయేది. మీట నొక్కితే గింజ పడుతుందని పావురానికి నేర్పిన కథ క్లాసులో చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. ఆ పావురం నేనేనని తట్టడానికి ఆరు నెలలు పట్టింది. తట్టేసరికి నేను మొదటి దెబ్బకే లేవడం మొదలైపోయింది.

పొదుగులో పాలు ఉండటం వేరు, బర్రె వాటిని చన్నుల్లోకి వదలటం వేరు అని నాకు చెప్పింది ఆమే. ఆ వదలటాన్నే చేపు అంటారు. బర్రెకు మనసు కుదిరితే చేపుతుంది, లేకపోతే ఎంత లాగినా చుక్క రాదు. మామూలుగా దుడ్డె, అంటే దూడ, వచ్చి మూతితో పొడిస్తే తల్లి చేపుతుంది. ఈ బర్రెకు దుడ్డె పుట్టిన మూడు వారాలకే చచ్చిపోయింది. అలాంటప్పుడు చచ్చిన దుడ్డె తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టేవాళ్లున్నారు. సూది వేయించేవాళ్లూ ఉన్నారు, సూది పడితే ఇష్టం ఉన్నా లేకున్నా పాలు దిగాల్సిందే. ఆమె రెండూ ఒప్పుకోలేదు.

"సచ్చిన బిడ్డను సూపెట్టి పాలడుగుడా సారూ? నాకు సిగ్గుండొద్దా?"

మరి ఏం చేసిందయ్యా అంటే, ముందర దాణా పెట్టి, పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడిగి, బర్రెకు వీధి కబుర్లన్నీ చెప్పింది. ఎవరి పొలం ప్లాట్ల వెంచరుకు పోయింది, ఎవరి కోడలు అలిగి హయత్‌నగర్ వెళ్లిపోయింది, నేను ఎన్నో దెబ్బకు లేచాను, అన్నీ చెప్పేది. వారం రోజులు పట్టిందట. ఎనిమిదో రోజు నుంచి ఆమె గొంతు వింటే చాలు బర్రె నెమరు ఆపి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేది.

కొట్టంలో ఎవరూ కోపంగా మాట్లాడకూడదు. ఈ ఒక్క నియమం ఆమె ప్రాణం పోయినా తప్పేది కాదు. ఒకసారి గడ్డి కట్టలు తెచ్చే అతను తడిసిన గడ్డి తెచ్చి కొట్టంలో పడేసి, పైగా దబాయించాడు. ఆమె ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది, మూసుకుంది. అతని చేయి పట్టుకుని కొట్టం దాటించి, వాకిలి దాటించి, వీధి మలుపు దాకా నడిపించుకుపోయింది. అక్కడ నిలబెట్టి మొదలుపెట్టింది చూడండి, అతని ఏడు తరాలూ లేచి వచ్చాయి. అంతా అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని, తిరిగి వచ్చి, బర్రె వీపు నిమురుతూ మెత్తగా, "ఏం లేదు, ఏం లేదు, మనోడే" అంది. కోపం వింటే పాలు పైకి ఎక్కిపోతాయని ఆమె వాదన. అందులో శాస్త్రం ఉందని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. చదివిన రోజు ఆనందం పట్టలేక ఆమెకు చెప్పబోతే, "గిది గూడ సదవాల్నా?" అని జాలిగా చూసింది.

కుక్క ప్రయోగం కూడా ఆమెకు వినిపించాను. గంట కొట్టి అన్నం పెడుతుంటే కొన్నాళ్లకు ఉత్త గంటకే కుక్క నోట్లో నీళ్లూరాయని, ప్రపంచమంతా దాన్ని గొప్పగా చెప్పుకుంటుందని చేతులు తిప్పుతూ చెప్పాను. ఆమె చాటలో తవుడు జల్లిస్తూ విని, "గంట దేనికి? అన్నం వెట్టేటోని చెప్పుల సప్పుడు సాలదా?" అంది. ఆ శాస్త్రం మొదలైందే అక్కడ. కుక్కలకు తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే చొంగ కారుతోందని గమనించాకే మిగతాదంతా. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆవిడతో ఈ సంగతి నాలుగుసార్లు చెప్పాను.

ఇక పొట్ట మీద చేయి సంగతి. అది అలవాటు కాదు, హెర్నియా. పేగు జారింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన డాక్టరు ఆపరేషన్ చేయకపోతే పేగు మెలిపడి ప్రాణం మీదికొస్తుందని గట్టిగానే చెప్పాడు. రెండుసార్లు తారీఖు ఇచ్చారు, రెండుసార్లూ ఆమె ఎగ్గొట్టింది. కారణం బర్రె. ఇంకొకళ్ల చేతికి అది చేపదు. నాలుగు రోజులు పిండకపోతే పొదుగువాపు వచ్చి బర్రె పనికిరాకుండా పోతుంది. సూదికి ఆమె ఒప్పుకోదు. కూతురు ఏడ్చింది, నా ముందే ఏడ్చింది. ఒకరోజు ఆమె బకెట్ ఎత్తబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. అప్పుడు నాకు భయం వేసింది.

"బర్రెను నాకు అలవాటు చేద్దాం పెద్దమ్మా. నేను పిండుతాను. నేను చెప్పే పాఠమే ఇది" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నవ్వొస్తోంది గానీ పొట్ట నొస్తుందని ఆపుకుంది. చివరికి, "ఇరవై దినాలు సూస్త. అది ఒప్పుకుంటే పోత, లేకుంటే లేదు. మళ్ల నన్ను అడగొద్దు" అంది.

ఆ ఇరవై రోజులంత ఉత్సాహంగా నేను ఏ పరీక్షకూ చదవలేదు. కొత్త నోట్‌బుక్ కొన్నాను. బర్రె దేనికి చేపుతుందో జాబితా రాసుకున్నాను: ఆమె గొంతు, ఆమె చీర, బకెట్ పెట్టిన చప్పుడు, దాణా వాసన, గోరువెచ్చని నీళ్లు, వేళ. పాలు పిండటానికి ఆమెకు ఒకటే చీర ఉండేది, వెలిసిపోయిన ఆకుపచ్చది, పాలూ పేడా తవుడూ కలిసిన వాసన వేసేది. ఆ చీర నా లుంగీ మీద చుట్టింది ఆమే. మొదటి పొద్దున కూరగాయల గంపతో పోతున్న ఒకావిడ ఆగి, కొత్త కోడల్ని తెచ్చినవా అని అడిగింది. "అవ్, జర గడ్డమున్నది" అని ఆమె బదులిచ్చింది. మా ఆవిడ లోపలికి పారిపోయి తలుపు చాటున నవ్వింది. తనకు కొమ్ములంటే భయం, లేకపోతే ఈ వేషం తనకే పడేది.

ముందు ఐదు రోజులు ఆమె పిండుతుంటే నేను పక్కన కూర్చున్నాను అంతే. తర్వాత దాణా నేను పెట్టాను. తర్వాత పొదుగు నేను కడిగాను. ఆ తర్వాత ఆమె సగం పిండి లేస్తే మిగతా సగం నేను. నా గోరు తగిలితే బర్రె కాలు విదిల్చేది, ఆమె నా వీపు మీద చరిచేది. పద్నాలుగో రోజు మొదటి ధార నాదే. ధార బకెట్ అడుగుకు తగిలి మోగినప్పుడు నేను చిన్నపిల్లాడిలా తలెత్తి ఆమె వైపు చూశాను. ఆమె పట్టించుకోనట్టు గోడ వైపు చూసింది, పెదాల చివర నవ్వు మాత్రం దొరికిపోయింది. ఆ రోజు నుంచి ఆమె రోజుకొక అడుగు వెనక్కి జరిగింది. పక్కన, గుంజ దగ్గర, కొట్టం బయట, చివరికి వాకిలి బయట. కబుర్లు కూడా నావే. వీధి సంగతులు నాకంతగా తెలియవు కాబట్టి మా స్టాఫ్‌రూము సంగతులు చెప్పేవాణ్ణి. బర్రెకు మా ప్రిన్సిపాల్ గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

సోమవారం పొద్దున నేనే పిండాను. ఆమె బర్రె నుదుటి మీద చేయి పెట్టి, "నాలుగొద్దులల్ల వస్త. సారు సెప్పినట్టు ఇను" అని చెప్పి కూతురితో ఆటో ఎక్కింది. మంగళవారం పది గంటలకు ఆపరేషన్.

సోమవారం సాయంత్రం బర్రె చేపలేదు.

నాకు ఆత్రం ఆగక నాలుగింటికే కాలేజీ నుంచి వచ్చి, తెరిచి ఉన్న తలుపులు అలాగే బార్లా వదిలేసి, చీర చుట్టుకుని కొట్టంలో తయారుగా ఉన్నాను. దాణా పెట్టాను, కడిగాను, కబుర్లు చెప్పాను. బర్రె దాణా అంతా తిని, నా వైపు ఒకసారి చూసి, నెమరు మొదలుపెట్టింది. గంటసేపు కూర్చుంటే బకెట్ అడుగు కూడా తడవలేదు. ఆమెకు ఫోన్ చేసి స్పీకర్‌లో మాట్లాడించాను. గొంతు వినగానే బర్రె ఉలిక్కిపడి, ఫోన్ వెనకా, నా వెనకా, గోడ అవతలా వెతికింది. మనిషి కనబడకపోయేసరికి అరవడం మొదలుపెట్టింది. ఫోన్ ఆపేశాను. తర్వాత ఆమె మళ్లీ చేసి అడిగితే, కాసేపటికి ఇచ్చిందని అబద్ధం చెప్పాను. నురుగు ఎంత లేచిందని అడిగింది. నేను తడుముకున్నాను.

"ఇయ్యలేదు" అంది ఆమె. "పొద్దుగాల సూడు. ఇయ్యకుంటే నేను మొదటి బస్సుకే వస్తున్న."

మూడోసారి కూడా తప్పిపోతే ఇక ఆమె ఆ దవాఖాన గడప తొక్కదు. అది నాకూ తెలుసు, ఆమె కూతురికీ తెలుసు. మంగళవారం తెల్లవారకముందే నేనూ మా ఆవిడా లేచి కూర్చున్నాం. బర్రె మీద ఒక కన్నేసి ఉంచాలని రాత్రంతా తలుపు తెరిచే ఉంచాం, మా ఆవిడ వేడినీళ్లు మోస్తూ లోపలికీ బయటికీ తిరుగుతోంది. పొదుగు రాయిలా గట్టిపడింది, చేయి వేస్తే బర్రె నొప్పికి కాలు ఎత్తుతోంది. మళ్లీ అంతా చేశాను. నోట్‌బుక్ తెచ్చి జాబితా ఒక్కొక్కటే చదువుతూ చేశాను. చుక్క రాలేదు. వాళ్ల అమ్మాయి ఫోన్: అమ్మ చీర మార్చుకుంటోంది సార్, చెప్పులు వేసుకుంటోంది, ఏమైందో తొందరగా చెప్పండి.

సూది వేసే అతని నంబరు నా దగ్గర ఉంది. నేను మా ముందు గదిలోకి వెళ్లాను. మా ఆవిడకు కూడా వినపడకూడదని తలుపు వేసి, తుప్పుపట్టిన ఆ పొడుగాటి గడియ లాగి బిగించాను. నంబరు తీశాను. వేలు నొక్కలేకపోయింది. దవాఖానలో ఉన్న మనిషికి నేను ఇచ్చిన మాట ఒక్కటే, సూది వేయించనని. సూది వేయించి, చేపింది అని చెప్పి ఆమెను కత్తి కిందికి పంపాలా? సిగ్గేసింది. లేచి, గడియ తీసి బయటికొచ్చాను.

మా ఆవిడ కొట్టం బయట శిలలా నిలబడి వేలు చూపిస్తోంది. "గటు సూడు, కారుతున్నయ్" అంది.

నాలుగు చన్నుల నుంచీ చుక్కలు చుక్కలుగా పాలు కారుతున్నాయి. బర్రె నెమరు ఆపి, కాళ్లు ఎడంగా పెట్టి, బుద్ధిగా నిలబడి ఉంది.

అప్పుడు వెలిగింది నాకు. ఇన్ని నెలలుగా రెండు పూటలా ఆ బర్రె పాలకు ముందు విన్నది మా తలుపు గడియ. ఆమె కిటికీ మీద కొట్టాలి, మేము గడియ లాగాలి, అప్పుడు ఆమె కూర్చోవాలి. ఇరవై రోజుల శిక్షణలో కూడా అంతే, ఆమె లేపితేనే నేను గడియ తీసి వచ్చాను. ఈ రెండు పూటలూ నన్ను లేపేవాళ్లు లేరు, తలుపు తెరిచే ఉంది, గడియ పలకలేదు. నా నోట్‌బుక్‌లో ఆమె చీర ఉంది, దాణా ఉంది, నీళ్ల వేడి కూడా ఉంది. మా తలుపు లేదు. పాఠం చెప్పేవాడు తనను తాను లెక్కలోంచి తీసేసుకున్నాడు. కుక్కల సంగతిలో చెప్పుల చప్పుడు చాలదా అని అంత తేలిగ్గా చెప్పిన మనిషి పక్కనే ఉండి కూడా నాకు తెలివి రాలేదు.

బకెట్ లాక్కుని కూర్చున్నాను. ధార పడింది. కొంతసేపటికి సన్నగిల్లితే, "గడియ కొట్టు" అని అరవబోయి, కొట్టంలో ఉన్నానని గుర్తొచ్చి మెత్తగా చెప్పాను. మా ఆవిడ పరుగెత్తి గడియ లాగింది. మళ్లీ ధార. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఒక చేత్తో పిండుతూనే ఇంకో చేత్తో ఫోన్ కలిపి, "వినండి పెద్దమ్మా" అని బకెట్ దగ్గర పెట్టాను.

అటువైపు ఆమె వింటోంది.

"ఒక్క చేతితోని పిండుతున్నవేంది?" అంది.

"ఇంకో చేతిలో ఫోన్ ఉంది పెద్దమ్మా."

"ఫోన్ కింద వెట్టి రెండు చేతులెయ్యి. నేను లోపలికి పోతున్న."

పది గంటలకు ఆపరేషన్ అయింది. ఆ నాలుగు రోజులూ రెండు పూటలా మా ఆవిడ గడియ లాగేది, నేను పిండేవాణ్ణి. ఎంత చేసినా ఆమెకు ఇచ్చే దానికంటే లీటరు తక్కువే ఇచ్చేది. నా చేతులకు పని రాక అనుకున్నాను.

ఐదో రోజు సాయంత్రం నేను కాలేజీ ప్యాంటు మీదనే వాకిట్లో నిలబడి ఉన్నాను. పాల వేళకు ఇంకా అరగంట ఉంది. చీర కట్టలేదు, దాణా పెట్టలేదు. వీధి మలుపులో ఆటో ఆగింది. గుంతల్లో ఎత్తి కుదేసినందుకు ఆటో అతన్ని ఆమె తిడుతున్న గొంతు అక్కడి నుంచే వినపడింది. నేను ఎదురెళ్లబోతూ కొట్టం వైపు చూశాను. బర్రె మెడ తాడు బిగిసేదాకా వీధి వైపు తిరిగింది. కింద మట్టి తడిసిపోతోంది. కారడం కాదు, నాలుగు చన్నుల నుంచీ సన్నటి ధారలు కట్టి పడుతున్నాయి, ఎవరూ చేయి వేయకుండానే.

ఆమె కూతురి భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చి అది చూసింది. కొత్త చీర కట్టుకుని ఉంది, ఒంటి నిండా దవాఖాన వాసన. నెలదాకా వంగొద్దు, గొంతుక్కూర్చోవద్దు అని డాక్టరు రాసిచ్చిన కాగితం కూతురి చేతిలో ఉంది.

"సూస్తవేంది సారూ, బకీటు వట్టు" అంది.

ఆ ప్యాంటుతోనే కూర్చున్నాను. ఆమె వచ్చి నా పక్కన నిలబడి, ఒక చేయి పొట్ట మీద, ఒక చేయి బర్రె వీపు మీద పెట్టింది. నా వేళ్లకు పనే లేదు, పాలు వాటంతటవే దిగుతున్నాయి. బకెట్‌లో ఎప్పుడూ వచ్చే గీత దాటాయి, ఆ పైన ఇంకో లీటరు దాటాయి, నురుగు అంచు మీది నుంచి నా మోకాళ్ల మీదికి పొర్లింది.

"ఇన్నొద్దులు దాసుకున్నదా గిన్ని పాలు?" అంది ఆమె.

గొంతు తేడాగా ఉందని తలెత్తి చూశాను. ఆమె ఏడుస్తోంది. తుడుచుకోవడానికి రెండు చేతుల్లో ఒక్కదాన్నీ తీయలేదు. అలా ఏడుస్తూనే, నీ ఎడమ చేయి నడుస్తలేదు, జర గట్టిగ పట్టు అని నన్ను మెత్తగా తిట్టింది.